పైది మారితే కిందివన్నీ

"కంప్యూటర్ యాడుండాదమ్మా?"

కలకత్తా నుంచి రైళ్ళు మారి మారి, కాలరు నిండా బొగ్గు నుసితో కర్నూలు కాలవ ఆఫీసు మెట్లెక్కిన కంబన్న, వరండా చిమ్ముతున్న భీమక్కను అడిగిన మొదటి మాట ఇది.

భీమక్క చీపురెత్తి లోపలి గది చూపించింది. "ఆడుండాది పో. సద్ది తింటాండాది."

కంబన్న కలకత్తాలో ఒక యంత్రం దగ్గర పని నేర్చుకుని వస్తున్నాడు. అది ఒక గదంతా పరుచుకుని, పగలూ రాత్రీ కరెంటు తినేది. సద్ది తినడం మాత్రం అతను చూడలేదు. గుమ్మంలోంచి తొంగిచూస్తే, లెక్కల కాగితాల మధ్య ఒకమ్మాయి రాగిసంగటి ముద్దను పల్చటి చింతపండు పులుసులో అద్దుకుంటూ కనపడింది.

"ఏం కావాలండీ?"

"కంప్యూటర్..."

"నేనే. చెప్పండి."

ఆ రోజుల్లో ఆఫీసుల్లో లెక్కలు వేసే ఉద్యోగానికి సర్కారు పెట్టిన పేరే అది. అది 1958 ఎండాకాలం. ఆ అమ్మాయి పేరు సుబ్బరత్నమ్మ. అనంతపురంలో లెక్కలతో బి.ఏ. చదివింది. ఊరు కడప పక్క ఎర్రవంక.

"కాదండీ, కలకత్తాలో ఉండేది..." అన్నాడు కంబన్న నీళ్ళు నములుతూ.

"అది మా చెల్లెలై ఉంటాది. దానికి జీతం ఇయ్యక్కర్లేదంట. అందుకే అందరూ దాన్నే మెచ్చుకుంటాండారు."

ఇలా మొదలైంది. ప్రేమకథ అన్నాక మొదటి చూపులోనో, చివరి చూపులోనో వాన కురవాలి. ఈ కథలో కురవదు. ఆ ఏడు వాన కురిసి ఉంటే వీళ్ళిద్దరికీ చేయడానికి పనే ఉండేది కాదు.

*

కర్నూలు మూడేళ్ళు రాజధానిగా ఉండి, ఆ భాగ్యం హైదరాబాదుకు వెళ్ళిపోయాక ఊరికి మిగిలినవి రెండే: సర్కారు ఆఫీసులు నడిచిన డేరాల తాళ్ళు, పెరిగిన ఇంటద్దెలు. కాలవ ఆఫీసుకు తాళ్ళు దక్కాయి. ఓ మూల గుట్టగా పడి ఉండేవి.

ఆఫీసరు రామకృష్ణ గారు గుంటూరాయన. మంచివాడే. మంచితనం ఫైలు దాటి బయటకు రాకుండా చూసుకునేవాడు. ఆయన కంబన్నను కూర్చోబెట్టి చెప్పిన సంగతి ఇది. కర్నూలు నుంచి కడప దాకా పోయే కాలవకు ఈసారి తుంగభద్రలో నీళ్ళు సగానికి సగం లేవు. ఏ ఊరికి వరికి ఇవ్వాలో, ఏ ఊరికి ఆరుతడి పైరుకు ఇవ్వాలో, ఏ ఊరికి అసలివ్వలేమో తేల్చి ఉత్తరువు వేయాలి. చేత్తో లెక్క కడితే పంట కారు దాటిపోతోంది. కిందటేడు ఉత్తరువు వచ్చేసరికి జనం నార్లు పోసుకున్నారు, ఆ నార్లు ఎండాయి కూడా.

"అందుకే యంత్రం. ప్రోగ్రాము నువ్వు ఇక్కడ రాసి పంపు. వాళ్ళు అక్కడ టేపుకు బెజ్జాలు కొట్టి నడిపి జవాబు పంపిస్తారు. ఈ అమ్మాయి నీకు సాయం."

"సాయమంటే?" అంది రత్నమ్మ.

కంబన్న ఉత్సాహంగా విప్పి చెప్పాడు. యంత్రానికి అంకెలే తెలుసు. మనిషికి అంకెలతో రాయడం గండం. అందుకని అతను తెలుగక్షరాల్లో రాస్తాడు: కూడమని చెప్పాలంటే 'కూ', తీసెయ్యమంటే 'తీ', దాచమంటే 'దా', ఇంకోచోటికి పొమ్మంటే 'పో'. యంత్రం లోపల నంబర్లు వేసిన గదులుంటాయి. ఏది ఏ గదిలో దాగిందో చూసి, ఆ అక్షరాలన్నిటినీ అంకెలుగా మార్చడం రత్నమ్మ పని.

"కూ, కూ, కూ, పో," అని చదివింది రత్నమ్మ. "మా ఊర్లో కోడిపిల్లల్ని పిల్చి, గింజలు లేవని తరుముకున్నట్ల ఉండాది."

"మీరు నవ్వకుండా ఎగతాళి చేస్తారే!"

"నవ్వితే దానికి వేరే జీతం ఇయ్యాల మీరు."

ఆమె నిజంగానే నవ్వదు. నవ్వించాలని కంబన్న రోజూ ఏదో ఒకటి చేసేవాడు. ఓ పొద్దున బజారు నుంచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చాడు.

"తినండి. దుడ్లు నావే, సర్కారువి కాదు."

ఆమె ఒక బజ్జీ తీసుకుంది.

"ఏమ్మా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. మీరెప్పుడూ ఇంతేనా?"

రత్నమ్మ బజ్జీలోని మిరపకాయను పక్కకు తీసి పెట్టింది. "మా అన్న పేరు శివన్న. కిందటేడు కాలవ రాలేదు గదా. నాయనా, వాడూ కలిసి బాయి లోతు చేస్తాండారు. పక్కగోడ కూలింది. నాయన పైన చేంతాడు లాగతాండాడు. వాడు కింద." బజ్జీని రెండుగా తుంచింది. "ఈ ఏడు కూడా కాలవ రాకపోతే అదే బాయిలోకి తానే దిగుతానంటాండాడు మా నాయన. ఎవురు చెప్పినా వినడు. మీ చెల్లెలు, అదే, మా చెల్లెలు, లెక్క బిన్నె, నార్లు పొయ్యకముందే, తేల్చాల. ఎర్రవంకకు నీళ్ళుండాయా లేవా. అంతే నాకు కావాల్సింది."

ఆ రోజు కంబన్న ఇంకేమీ హాస్యమాడలేదు. మిరపకాయ మాత్రం అతనే తిన్నాడు.

*

ప్రోగ్రాము నాలుగు కాగితాలైంది. మొదటిది రాబడి: కాలవ తలలో ఎన్ని నీళ్ళు వస్తాయన్నది. రెండోది నష్టం: దారిలో ఇంకిపోయేవి, ఎండకు పోయేవి. మూడోది వంతు: మిగిలినవి ఊళ్ళకు పంచడం. నాలుగోది అచ్చు: జవాబు కొట్టించడం.

కంబన్నకు చేయి ఊరుకోదు. రత్నమ్మ మూడో కాగితానికి అంకెలు వేస్తూ ఉండగా, ఇతను మొదటిదాంట్లో రెండు వరుసలు ఇరికించేవాడు. దాంతో కింద గదులన్నీ జరిగిపోయేవి. ఆమె వేసిన అంకెలన్నీ చెడిపోయేవి. ఆ సంగతి ఆమెకు సాయంత్రానికి తెలిసేది.

ఇలా కొన్నాళ్ళు జరిగాక ఒకనాడు ఆమె లేచి, మూలనున్న డేరా తాడు ఒకటి దులిపి, గోడ పొడుగునా రెండు మేకులకు బిగించి కట్టింది.

"బట్టలారేస్తారా ఈడ?"

"నిన్నారేస్తా," అనబోయి, "మీ కాగితాలారేస్తా," అంది. "చూడండప్పా. కాలవ మీద పై తూము ఎత్తితే నీరుగంటి ఏం చేస్తాడు? దాని కిందుండే తూములన్నీ మళ్ళీ ఒకటొకటి సర్దుకుంటా పోతాడు. కింది తూము సర్దితే పైదాని జోలికి పోడు. మనదీ అంతే. పైది మారితే కిందివన్నీ మళ్ళీ. కిందిది మారితే అదొక్కటే."

తాడుకు నాలుగు కాగితాలు వరసగా తగిలించింది. ముందు కంబన్న అక్షరాలు, వెనక తన అంకెలు, రెండూ కలిపి గుండుసూదితో గుచ్చింది. ఏదైనా మారితే, దాన్నీ దాని కిందివాటన్నిటినీ గోడవైపు తిప్పెయ్యాలి. మళ్ళీ చేసి సరిచూశాక ఒక్కొక్కటే ఇటు తిప్పాలి. నాలుగు మొహాలూ ఇటు తిరిగిన రోజే టపాకు ఇవ్వాలి.

"ఏం, అలిగిన కోడళ్ళ మాదిరి గోడకు తిరిగినాయే?" అన్నాడు కంబన్న.

"అలక తీరేదాకా కలకత్తా పోవు."

"తీర్చేదెవరు?"

"అలిగించినోళ్ళే."

మొదట నవ్వాడు గానీ ఆ తాడు కట్టాక పని ఎంత వేగంగా సాగిందో చూసి నోరు మూసుకున్నాడు. మారనిదాన్ని మళ్ళీ చేసే శ్రమ తప్పింది. మారినదాన్ని వదిలేసే భయమూ తప్పింది. ప్రోగ్రాము కలకత్తా వెళ్ళింది. పరీక్ష కోసం ఇచ్చిన పాత సంవత్సరం లెక్కకు జవాబు, చేత్తో కట్టిన జవాబుతో సరిగ్గా సరిపోయి వచ్చింది.

ఆ కాగితం చూసి రత్నమ్మ నవ్వింది. పెద్ద నవ్వేం కాదు. కానీ కంబన్న ఆ సాయంత్రం 'పో' అని రాయాల్సిన చోటల్లా 'దా' అని రాసి, అన్నీ కొట్టేసుకున్నాడు.

*

అసలు లెక్క పంపే ముందు రామకృష్ణ గారు ఒక మార్పు తెచ్చారు. నడిమి భాగంలో గట్టు బీటలిచ్చిందట. అక్కడ నష్టం ఎక్కువ వేయాలి. "శనివారం టపాకు పోవాలయ్యా."

ఆ రోజు రత్నమ్మ లేదు. శివన్న చనిపోయి ఏడాదైంది, ఇంట్లో పెద్దల కార్యం. ముందురోజు సాయంత్రం ఆఫీసరుకు చెప్పి కడప బస్సెక్కింది. కంబన్నకు చెప్పలేదు.

చెప్పడానికి తనేమవుతాడని? ఈ ప్రశ్న కంబన్న తనకు తానే వేసుకుని, జవాబు నచ్చక, పొద్దంతా ముఖం ముడుచుకుని పనిచేశాడు. నియమం తప్పలేదనే అనుకున్నాడు. రెండో కాగితాన్నీ, కిందవున్న మూడో, నాలుగో కాగితాలనూ గోడకు తిప్పాడు. రెండోది మళ్ళీ రాశాడు. అంకెలు కూడా తానే తంటాలుపడి వేశాడు. తర్వాత మూడోదాన్ని పైకెత్తి చూశాడు. 'వంతు' కాగితంలో మార్చాల్సింది ఒక్క అక్షరం కూడా లేదు. ఇటు తిప్పాడు. అచ్చు కాగితమూ అంతే. ఇటు తిప్పాడు. "రెండో టేపు మాత్రం కొత్తది కొట్టండి, మిగతావి మీ దగ్గరున్న పాతవే వాడండి," అని రాసి టపాకిచ్చాడు.

రత్నమ్మ తిరిగొచ్చాక ఏమీ అడగలేదు. నాలుగు కాగితాలూ ఇటే తిరిగి ఉన్నాయి.

*

జవాబు వచ్చిన రోజు కంబన్న ఆ కాగితం పట్టుకుని ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"చెప్పండప్పా."

"సున్నా," అన్నాడు. "ఎర్రవంకకు సున్నా. మీ ఊరొక్కటే కాదు, కొసనుండే ఊర్లన్నిటికీ."

ఆమె పెన్ను మూత పెట్టింది. కిటికీలోంచి ఎండను చూసింది. కర్నూలులో చూడ్డానికి ఎండకు కరువు లేదు.

"యంత్రానికి చుట్టాలు లేరు గదా. సరిగ్గానే చెప్పుంటాది," అంది. మళ్ళీ కాసేపటికి, "మా పైనుండే నల్లచెలమకు ఎంత?"

"వరికి సరిపడా."

"వరికా? దాని కింద మాకు సున్నానా?"

"ఊఁ."

"నీళ్ళు అట్ట తెగవప్పా. నల్లచెలమలో మోకాటి లోతు పారితే మా ఊర్లో పాదమన్నా తడుస్తాది. కరువొస్తే తలనుంచి కొసదాకా తగ్గుకుంటా తగ్గుకుంటా వస్తాది. వంతంటే అంతే. నడుమ ఎవురన్నా కాలవకు నోరు పెట్టి తాగేసినారా?"

ఆ మాటే రామకృష్ణ గారి ముందు చెప్పింది. ఆయన ఉత్తరువు చిత్తు టైపుకు ఇవ్వబోతున్నాడు.

"అమ్మాయ్, నీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇది మీ నాన్నగారి ఊరు కాకపోయి ఉంటే నువ్వు ఈ వరుస చూసేదానివా?"

"చూసుండను సార్," అంది రత్నమ్మ. "నిజమే. అయినా తప్పు తప్పే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిజం ఒప్పుకునేవాళ్ళతో వాదించడం ఆయనకు అలవాటు లేదు. "సాయంత్రంలోగా తప్పెక్కడుందో చూపించండి. లేకపోతే టైపుకు పోతుంది."

ఇద్దరూ తాడు ముందు నిలబడ్డారు.

"రాబడి మారలేదు. నష్టం కొత్తది. సరిగ్గానే ఉండాది, రెండుసార్లు చూసినా," అన్నాడు కంబన్న. "వంతు నేను ముట్టుకోనే లేదు. ఒక్కక్షరం మారలేదు."

రత్నమ్మ మూడో కాగితాన్ని పట్టుకుంది. "దీని ఎనక ఏముండాది?"

"మీ అంకెలు."

"నువ్వు చూసినావా?"

మొదటిసారి 'నువ్వు' అంది. అతనికి అది వినపడలేదు. వినపడినది వేరే. గుండుసూది తీసి, వెనక కాగితాన్ని కొత్త నష్టం కాగితం పక్కన పెట్టి చూశాడు. వేలు ఒక అంకె దగ్గర ఆగింది.

కొత్త వరుసలు చేర్చేసరికి, కొస ఊళ్ళకు మిగిలిన నీళ్ళ అంకె కింది గదికి జరిగింది. ఖాళీ అయిన ఆ పాత గదిలోకి, ఒకే లెక్క చుట్టూ యంత్రం ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె వచ్చి కూర్చుంది. ఒక్కో చుట్టుకూ అందులో ఒకటి తగ్గుతుంది. పని ముగిసేసరికి అందులో మిగిలేది ఎప్పుడూ సున్నాయే. కంబన్న అక్షరాల్లో 'కొస మిగులు' అనే పేరు మారలేదు. రత్నమ్మ అంకెల్లో మాత్రం అది ఇంకా పాత గది తలుపే తడుతోంది. కాపురం మారిన వాళ్ళ కోసం పాతింటి తలుపు కొడితే, లోపలి కొత్తమనిషి 'ఏమీ లేదు పో' అన్నట్టు.

"అక్షరాలు చూసినా," అన్నాడు కంబన్న. "నేను రాసేది అక్షరాలు గదా, అవే ప్రోగ్రామనుకున్నా. దాని ఎనక నువ్వు చేసేది ఉండాదని... నా కండ్లకు నీ పని కనపడలేదు రత్నమ్మా."

ఆమెకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. "నేను చెప్పకుండా పోయిన కోపం కాగితం మీద తీర్చుకున్నావా?"

"కొంచెం."

"చెప్పడానికి నువ్వేమవుతావని చెప్పాల?"

"ఆ ప్రశ్నే నేనూ ఏసుకుంటి. జవాబు బాగలేదు."

ఆమె చిరాగ్గా కుర్చీ లాక్కుని కూర్చుంది. "పక్కకు జరుగు. వెలుతురుకు అడ్డం. రెండూ, మూడూ, నాలుగూ, అన్నిటికీ అంకెలు మళ్ళీ వెయ్యాల."

*

రామకృష్ణ గారు అంతా విని, ఉత్తరువు చిత్తును సొరుగులో పెట్టారు. "నీళ్ళు వదిలే తేదీ దాకా ఉత్తరువు ఆపుతాను. కానీ ఎందుకాపానో పైవాళ్ళకు చెప్పాలి. తప్పెవరిదో రాతలో ఉండాలి."

"నాది సార్. ఇప్పుడే రాసిస్తా."

"కలకత్తాలో నీకు పర్మనెంట్ చేస్తామన్నారు కదయ్యా. ఈ కాగితం వాళ్ళకూ పోతుంది."

"అనినారు సార్," అన్నాడు కంబన్న, రాస్తూనే.

టపాను నమ్ముకుంటే తేదీ దాటిపోతుంది. తానే తీసుకుపోతానన్నాడు. మర్నాడు మధ్యాహ్నం రైలు. స్టేషన్లో ప్లాట్‌ఫారం రేకు కింద, రత్నమ్మ కొత్త కాగితాలున్న సంచీ అతని చేతికిచ్చింది.

"నేను చెప్పి పోతాండా, చూడు," అన్నాడు కంబన్న కిటికీలోంచి.

"నాకెందుకు చెప్పేది? నేనేమవుతానని?"

"అదీ కనుక్కోనే వస్తా."

బండి కదిలింది. ఆమె చేయి ఊపలేదు. తల మాత్రం కొద్దిగా ఊపింది. దూరం నుంచి అది అవుననో కాదనో అతనికి తెలియలేదు. హౌరా చేరే దాకా అతనికి ఆలోచించుకోవడానికి పని దొరికింది.

*

ఉత్తరువు టైపు కాలేదు. వార్త మాత్రం కాలవ గట్టు మీద నడిచి పోయింది. ఎర్రవంక నుంచి తిమ్మయ్య అనే పక్కింటాయన పని మీద కర్నూలు వచ్చి, ఆఫీసు వరండాలో నిలబడి చెప్పాడు. "అమ్మా, మనూరికి సున్నా ఏసినారంట గదా. మీ నాయన నిన్నటి నుంచి బాయిలో ఉండాడు."

రత్నమ్మ ఆ పూట బస్సుకే బయల్దేరింది.

బాయి దగ్గర ఆమె తల్లి నాగక్క చేంతాడు పట్టుకుని కూర్చుని ఉంది. ఏడాది కింద కూలిన పక్క ఎర్రగా, పచ్చిపుండులా ఉంది. లోపల చీకటి. గడ్డపార చప్పుడు లేదు.

"నాయనా!"

లోపల్నుంచి ఏమీ రాలేదు. నాగక్క కళ్ళు మూసుకుంది.

"నాయనా!"

"ఉండా లే," అంది లోతు. "ఊపిరి తీసుకుంటాండా. సర్కారు దానిక్కూడా అడ్డం చెప్పిందా?"

ఆమె తండ్రి పెద్దన్నకు మాట వినే అలవాటు లేదు. కూతురు చదువు గురించీ, పెళ్ళి గురించీ కూడా ఆయన ఎవరి మాటా వినలేదు. అందుకే ఆమె చదివింది. ఇప్పుడు ఆ మొండితనమే ఆమెకు ఎదురైంది.

"నాయనా, ఆ సున్నా తప్పు. మళ్ళీ లెక్క కడతాండారు. కలకత్తాకు మనిషి పోయినాడు."

"మనిషి పోయినాడా? ఎవురు?"

"కంబన్నని... ఆలూరు పక్క. ఆ లెక్క రాసినాయనే."

"సున్నా ఏసినోడే సున్నా తీసేకి పోయినాడా? బాగుండాది."

ఆమె రోజూ బాయి గట్టు మీద కూర్చుంది. ఆయన రోజూ దిగాడు. "నువ్వు దిగితే నేనూ దిగుతా," అంటే, "దిగు, తట్ట ఎత్తేకి మనిషి లేదు," అన్నాడు. ఆ మాటకు నాగక్క ఒక్కసారే నోరు విప్పింది. "ఇంట్లో ఒకర్ని మింగింది చాలదా దీనికి?" ఆయన తలగుడ్డ బిగించాడు. దిగాడు.

కంబన్న వచ్చిన పొద్దు కూడా దిగే ఉన్నాడు.

కలకత్తా జవాబు కర్నూలులో ఆఫీసరుకిచ్చి, రత్నమ్మ ఊరికి పోయిందని విని, కడపలో బస్సు దిగి, గట్టు వెంబడి నడిచి, ఊళ్ళో వాళ్ళను అడుగుతూ కంబన్న బాయి కనపడేంత దూరానికి వచ్చేసరికి నాగక్క కేక వినపడింది. సంచీ వదిలేసి పరిగెత్తాడు. కూలినది మొత్తం పక్క కాదు. ఒక రాతిపెళ్ళ. కానీ అది పెద్దన్న పాదం మీద పడింది. రత్నమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది.

"నువ్వు తాడు పట్టుకో!" అని అరిచి కంబన్న ఆమెను దాటి దిగాడు. బండను ఒక పక్కకు ఎత్తి, ముసలాయన్ను భుజాన వేసుకున్నాడు. ఆ కాస్త దారి ఎక్కడానికి వాళ్ళకు ఎంతసేపు పట్టిందో ఆ నలుగురిలో ఎవరికీ తెలియదు. పైన పచ్చిమట్టి బొటబొటా రాలుతూనే ఉంది.

ఇంటి ముందు మంచం మీద పడుకోబెట్టారు. రెండు వేళ్ళు నుజ్జయ్యాయి. పసుపు, గుడ్డ కట్టి, ఆస్పత్రికి తీసుకుపోవడానికి బండి కోసం తిమ్మయ్య ఇంటికి కబురు పంపారు. నొప్పికి పెద్దన్న పళ్ళు బిగబట్టి, ఎదురుగా మట్టికొట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాడు.

"నువ్వేనా సున్నా ఏసింది?"

"నేనే."

"తీసిందెవురు?"

"మీ కూతురు. నేను మోసుకొని పోయింటి, అంతే."

"ఎంతొచ్చింది?"

కంబన్న సంచీ కోసం చూసి, అది ఎక్కడో గట్టు మీద పడి ఉందని గుర్తొచ్చి, నోటితోనే చెప్పాడు. "ఆరుతడికి. కొర్రలో, సెనిగలో ఏసుకోవచ్చు. వరికి రావు."

"వరికి రావా?"

"రావు."

"వస్తాయని చెప్పింటే నొప్పన్నా తగ్గుతుండె గదప్పా."

"ఒకసారి తప్పు చెప్పి ఇంత చేస్తి. మళ్ళీ చెప్పలేను."

పెద్దన్న కళ్ళు మూసుకున్నాడు.

రత్నమ్మ అతనికి చెంబుతో నీళ్ళిచ్చింది. "కలకత్తాలో ఏమనినారు?"

"నా ఉద్యోగం సంగతి ఆలోచిస్తామనినారు. అంటే లేదని. నీ తాడు సంగతి మాత్రం బొమ్మేసి చూపించినా. వాళ్ళూ ఒకటి కట్టుకున్నారు." నీళ్ళు తాగి చెంబు పట్టుకునే ఉన్నాడు. "టేపు డబ్బా మీద పేరు రాయమనినారు. రాసింది కంబన్న, కూర్చింది సుబ్బరత్నమ్మ అని రాసినా. నీ పేరు పెద్దదాయె, నాది ఒక మూలకు పోయింది."

ఆమె అతని చేతిలోంచి చెంబు తీసుకుంది. కొంగుతో చెంబు తుడిచింది. చెంబు ముందే శుభ్రంగా ఉంది.

"రేయ్ అప్పా," అన్నాడు పెద్దన్న కళ్ళు తెరవకుండానే. "మీది ఆలూరు పక్కంటివి. మనోళ్ళేనా?"

"మనోళ్ళే. మా ఇంట్లో సగం కన్నడం, అంతే."

"సగం అర్థం కాకపోతే మంచిదే. మొగుడూ పెళ్ళాల నడుమ అదే సుఖం."

"ఏమయ్యా, కాలు తెగి పడుంటే నీకు ఈ మాటలా?" అంది నాగక్క.

"కాలు తెగింది, నోరు తెగలేదే." ఆయన కళ్ళు తెరిచి కూతురి వైపు తిరిగాడు. "పాపా, ఆ బాయి మీద కంప కప్పండి. ఇద్దరూ పోయి కప్పండి. ఇంక మనింట్లోనోళ్ళు ఎవురూ దాంట్లోకి దిగేది లేదు. ఇంట్లోకి వచ్చేటోళ్ళు కూడా."

బండి వచ్చేలోపు వాళ్ళిద్దరూ కంచె పక్కనుంచి తుమ్మకంప లాక్కొచ్చారు. ఎండిన కొమ్మలు నేల మీద బరబరా గీసుకుంటూ వచ్చాయి. శివన్న పోయిన చోటు మీద మొదటి కంప రత్నమ్మ వేసింది. కంబన్న రెండో కంప వేశాడు, మూడోది వేశాడు. చీకటి కొద్దికొద్దిగా ముళ్ళ కిందికి పోయింది.

ఆఖరి కొమ్మ నొక్కేటప్పుడు అతని అరచేతిలో ముల్లు దిగింది.

"యాడ, చూపీ." ఆమె అతని చేయి లాక్కుని వెలుతురుకు తిప్పింది. "నొప్పా?"

"శానా."

"ఊరికే అంటాండావు."

"అవును."

ఆమె గోటితో ముల్లు పీకేసింది. ముల్లు వచ్చేసినా ఆమె చేయి వదల్లేదు. మంచం మీంచి పెద్దన్న గట్టిగా దగ్గాడు. అయినా వదల్లేదు.